పెద్ద బోరువ గూటిలో రెండో గుడ్డు



లేవీయకాండము 11వ అధ్యాయం చదువుతూ 13వ వచనం దగ్గరకు వచ్చేసరికి మనలో చాలామంది కొంచెం వేగం పెంచుతాం. ఇశ్రాయేలీయులు తినకూడని పక్షుల పట్టిక అక్కడ మొదలవుతుంది. అందులో కాకి, గుడ్లగూబ, గబ్బిలం మనకు తెలిసినవే. పక్షిరాజును చూడకపోయినా ప్రసంగాల్లో విని విని చూసినట్టే ఉంటుంది. కాని పక్షిరాజు వెనువెంటనే వచ్చే 'పెద్ద బోరువ' ఏమిటని ఇంట్లో పిల్లలు అడిగితే నీళ్ళు నమలవలసిందే. ద్వితీయోపదేశకాండము 14:12లోనూ అదే పేరు, అదే వరుసలో ఉంది. ఈ నెల ఆ పక్షి గూటి దాకా వెళ్ళి వద్దాం.

హెబ్రీ భాషలో దాని పేరు 'పెరెస్'. విరిచేది, పగులగొట్టేది అని అర్థం. బెల్షస్సరు విందుశాల గోడ మీద చేతివ్రేళ్ళు వ్రాసిన చివరి మాట 'ఉఫార్సీన్' కూడా ఇదే ధాతువుకు చెందినది. అక్కడ ముక్కలైనది రాజ్యం, ఇక్కడ ముక్కలయ్యేవి ఎముకలు. పాత ఇంగ్లీషు బైబిలు తర్జుమాదారులు దీనికి 'ఆసిఫ్రేజ్' అనే లాటిను పేరు వాడారు. దాని అర్థం కూడా ఎముకలు విరిచేది అనే. బైబిలు పక్షులను గురించి పరిశోధించినవారిలో ఎక్కువమంది దీనిని గడ్డం రాబందుగా గుర్తిస్తారు. ముక్కు క్రింద నల్లని వెంట్రుకల్లాంటి ఈకలు చిన్న గడ్డంలా వేలాడుతుంటాయి గనుక దానికి ఆ పేరు వచ్చింది.

రాబందు అనగానే మన కళ్ళ ముందు మెదిలే బోడి మెడ దీనికి లేదు. తల నిండా, మెడ నిండా ఈకలే. రెక్కలు చాపితే ఈ కొననుండి ఆ కొనకు రెండున్నర మీటర్ల పైమాటే ఉంటుంది. బరువు మాత్రం ఐదు, ఆరు కిలోలు, మహా అయితే ఏడు. హిమాలయాలు, టిబెట్టు, మధ్య ఆసియా, కాకసస్, పిరెనీస్, ఆల్ప్స్, ఇతియోపియా ఎత్తు భూములు, దక్షిణాఫ్రికాలోని డ్రేకెన్స్‌బర్గ్, ఇలా ఎక్కడ నిట్టనిలువు కొండచరియలు ఉంటే అక్కడే దాని కాపురం. ఎవరెస్టు ప్రాంతంలో 7000 మీటర్ల పైన ఎగురుతుండగా చూసినవారున్నారు. ఒకప్పుడు పరిశుద్ధ దేశంలోని కొండగుహల్లోనూ గూళ్ళు కట్టేది. ఇప్పుడు అక్కడ గూడు కట్టడం లేదు. తెలుగు నేల మీద ఇది లేదు. లడఖ్ వైపు సైన్యంలో పనిచేసి వచ్చినవారు ఎవరైనా మీ సంఘంలో ఉంటే వారిని అడగండి, తప్పక చూసే ఉంటారు.

దీని తిండిలో డెబ్బై నుండి తొంభై వంతులు ఎముకలే. తోడేళ్ళూ, ఇతర రాబందులూ తిని వదిలిపెట్టిన తరువాత చివరన వచ్చేది ఇదే. ఒక మాదిరి ఎముకనయితే నిలువునా మింగేస్తుంది. మరీ పెద్దదయితే కాళ్ళతో పట్టుకొని యాభై, నూరు మీటర్ల ఎత్తుకు ఎగిరి, క్రింద చదునైన బండ మీదకు జారవిడుస్తుంది. ఒకసారికి పగలకపోతే మళ్ళీ మళ్ళీ ఎత్తి పడేస్తుంది. అలాంటి బండలు తరతరాలుగా ఒకటే ఉంటాయి, వాటి చుట్టూ ఎముకల ముక్కలు పరచుకొని ఉంటాయి. దాని కడుపులోని ఆమ్లం ఎంత ఘాటైనదంటే ఎముక ఒక్క రోజులో కరిగిపోతుంది. మనం పారవేసే ఎముకలో మూలుగ ఉంది, కొవ్వు ఉంది, సున్నం ఉంది. ఎండిపోయినా నెలల తరబడి చెడిపోదు. ఎవరూ పోటీ రాని భోజనాన్ని దేవుడు ఈ పక్షికి కేటాయించాడు.

ఇక గూటి సంగతి. పుట్టిన ఏడెనిమిదేళ్ళ వరకూ ఈ పక్షి సంసారం మొదలుపెట్టదు. ఒకసారి జత కుదిరితే సాధారణంగా అదే జత, అదే కొండ. ఒక్కో జంటకు రెండు మూడు వందల చదరపు కిలోమీటర్ల సామ్రాజ్యం కావాలి. అందులో ఒకే గూడు కాదు, మూడు నాలుగు ఉంటాయి, ఒక్కొక్క ఏడు ఒక్కొక్క దానిని బాగుచేసుకుంటాయి. పైన రాతి కప్పు ఉండాలి, ముందు అగాధం ఉండాలి, వానా మంచూ నేరుగా పడకూడదు. అలాంటి గుహనో, అరుగులాంటి రాతి మెట్టునో చూసుకొని శరదృతువులోనే పని మొదలుపెడతాయి. పుల్లలు తెచ్చి ఒకటి రెండు మీటర్ల వెడల్పున పేర్చి, లోపల గొర్రెల ఉన్ని, జంతువుల రోమాలు, ఎండు పేడ, దొరికితే గుడ్డ పీలికలు పరుస్తాయి. గొర్రెల కాపరి పారేసిన కంబళి ముక్క కూడా పనికివస్తుంది. మగపక్షీ ఆడపక్షీ రెండూ మోస్తాయి.

ఈ గుడ్డ పీలికల మాట ఊరికే అనలేదు. దక్షిణ స్పెయినులో ఈ పక్షి అంతరించి చాలాకాలమైంది, కాని దాని పాత గూళ్ళు పొడి గుహల్లో చెక్కుచెదరకుండా ఉండిపోయాయి. 2008 నుండి 2014 వరకు పరిశోధకులు అలాంటి పన్నెండు గూళ్ళను పొర తరువాత పొరగా విప్పి చూశారు. ఫలితాలు 2025లో ప్రచురించారు. ఎముకలు, గుడ్డు పెంకులు, డెక్కలతో పాటు మనుషులు చేసిన వస్తువులు 226 దొరికాయి. అందులో గడ్డితో అల్లిన ఒడిసెల ఒకటి ఉంది, విల్లు యంత్రపు బాణం ఉంది, చెప్పులు చాలా ఉన్నాయి. ఒక గడ్డి చెప్పు వయస్సు లెక్కగడితే దాదాపు 675 సంవత్సరాలని తేలింది! ఏ కాపరి కాలి నుండి జారిందో ఆ చెప్పు. ఆ గూటిలో ఎన్ని తరాల పిల్లలు దాని మీద పండుకొని రెక్కలు తెచ్చుకున్నాయో. మన ఊళ్ళో ఏ ఇంటి గోడకు అన్ని ఏళ్ళున్నాయి, చెప్పండి.

ఐరోపా కొండల్లోనూ, మన హిమాలయాల్లోనూ ఈ పక్షి గుడ్డు పెట్టేది నడి చలికాలంలో. డిసెంబరు సగం దాటిన దగ్గరనుండి ఫిబ్రవరి దాకా. మన ఇళ్ళపై క్రిస్మస్ నక్షత్రాలు వెలిగే రోజుల్లో ఆ కొండచరియపై గడ్డకట్టే చలిలో ఒక పక్షి గుడ్డు మీద కూర్చుని ఉంటుంది. ఇది తెలివితక్కువ కాలమని మనకు అనిపించవచ్చు. లెక్క వేసి చూస్తే తెలుస్తుంది దాని సొగసు. సుమారు 53 నుండి 56 రోజులు పొదగాలి. అంటే పిల్ల గుడ్డు నుండి బయటపడేది మంచు కరగడం మొదలయ్యే వేళకు. చలికాలంలో చచ్చి మంచు క్రింద కప్పడిపోయిన కొండమేకలు, గొర్రెలు అప్పుడే బయటపడతాయి. తల్లిదండ్రులకు ఎముకలు చాలు, చిన్నపిల్లకు మాత్రం మెత్తని మాంసం కావాలి. ఆ మాంసం దొరికే వారాలకు సరిగ్గా పిల్ల సిద్ధంగా ఉంటుంది. పొదగడం ఇద్దరూ వంతులవారీగా చేస్తారు. ఒకటి గుడ్డు మీద ఉంటే రెండోది ఆహారం కోసం కొండలన్నీ గాలిస్తుంది.

సాధారణంగా పెట్టేది రెండు గుడ్లు. మొదటి గుడ్డుకూ రెండో గుడ్డుకూ నాలుగైదు రోజులు, ఒక్కోసారి ఆరు రోజుల తేడా. మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలవుతుంది గనుక పిల్లలు కూడా అంత తేడాతోనే పుడతాయి. రెండోది కళ్ళు తెరిచేసరికి మొదటిది దానికంటే ఎంతో పెద్దదై ఉంటుంది. ఇక ఆ తరువాత జరిగేది వ్రాయడానికి కష్టంగానే ఉంది. పెద్దది చిన్నదానిని పొడుస్తుంది. చిన్నది తల వంచుకుంటుంది, మూలకు జరుగుతుంది. తల్లి ఆహారం తెచ్చినప్పుడు ముక్కెత్తి అడిగే ధైర్యం దానికి ఉండదు. కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. కొన్ని గూళ్ళలో ఆ చచ్చిన పిల్లే పెద్దదానికి ఆహారమైన సందర్భాలున్నాయి. తల్లిదండ్రులు అడ్డుకోవు. గూటిలో తిండి నిండుగా ఉన్నా ఇదే జరుగుతుంది. అడవిలో ఒక గూటి నుండి ఒక ఏడు ఎగిరేది ఒకే పిల్ల.

శాస్త్రజ్ఞులు ఈ ప్రవర్తనకు పెట్టిన పేరు 'కెయినిజం'. ఆదికాండము 4వ అధ్యాయంలోని కయీను పేరే.

ఈ పేరు నాకు నచ్చదు, ఎందుకో చెబుతాను. కయీనును చంపకముందే దేవుడు హెచ్చరించాడు, పాపం వాకిట పొంచి ఉన్నదని చెప్పాడు. చంపిన తరువాత, నీ తమ్ముడెక్కడ అని అడిగాడు. హెచ్చరికను విని, త్రోసివేసి, ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పినవాడు కయీను. గూటిలోని నాలుగు రోజుల పిల్లకు హెచ్చరికా లేదు, ప్రశ్నా లేదు. దానిలో అసూయ లేదు, అర్పణ త్రోసివేయబడిన కోపమూ లేదు. దానికి కయీను పేరు పెడితే పక్షికి అన్యాయం, అంతకంటే ముఖ్యంగా కయీను నేరం తేలికైపోతుంది. ప్రకృతిలోనే అంతేలే అనుకునే అవకాశం మనకు దొరుకుతుంది.

మన ప్రసంగికులకు కూడా ఇక్కడ ఒక మనవి. పక్షుల కుటుంబాలను మన కుటుంబాలకు మాదిరిగా చూపడంలో కొంచెం జాగ్రత్త అవసరం. ఈ పక్షి జీవితాంతం జతను విడువదని ఎవరైనా వివాహ ఆరాధనలో చెబితే వినసొంపుగానే ఉంటుంది. పిరెనీస్ పర్వతాల్లో ఒకే గూటిలో రెండు మగపక్షులు, ఒక ఆడపక్షి కలిసి పిల్లను పెంచుతున్న కాపురాలు తక్కువేమీ కాదని తెలిసినప్పుడు ఆ ప్రసంగం ఏమవుతుంది? పక్షిరాజు ముక్కును బండకు కొట్టుకొని విరుచుకొని మళ్ళీ యౌవనం తెచ్చుకుంటుందనే కథ కూడా ఇలాంటిదే. ఏ పక్షీ అలా చేయదు. ముక్కు విరిగిన వేటపక్షి ఆకలితో చస్తుంది. కీర్తన 103 సత్యమే, దానికి మన కట్టుకథ ఊత అక్కరలేదు.

సండే స్కూలులో పిల్లలకు నేర్పే ఒక సహోదరి ఈ రెండో పిల్లను గురించి నన్ను అడిగారు. ఆమె తరగతిలో ఒక పాప, 'అది చచ్చిపోతుందని దేవునికి తెలిస్తే మరి దానిని ఎందుకు చేశాడు?' అన్నదట. ఆమె ఏమీ చెప్పలేక పాట పాడించి పంపేశారట. నిజానికి ఇది పిల్లల ప్రశ్న కాదు. బిడ్డను పోగొట్టుకున్న ప్రతి తల్లీ వేరే మాటల్లో అడిగేదే.

శాస్త్రం చెప్పే జవాబు ఒకటుంది. రెండో గుడ్డు భద్రత కోసం. మొదటి గుడ్డు మురిగిపోవచ్చు, చలికి పాడవవచ్చు, పిల్ల పుట్టగానే చచ్చిపోవచ్చు. అప్పుడు రెండోది లేకపోతే ఆ జంటకు ఆ ఏడంతా వృథా. పిల్ల ఎగరడానికి నాలుగు నెలలు, ఆ తరువాత కూడా తల్లిదండ్రుల వెంట మరికొన్ని నెలలు తిరగాలి గనుక మళ్ళీ గుడ్డు పెట్టే సమయం ఉండదు. పోనీ రెండు పిల్లలనూ పెంచకూడదా అంటే, ఆ మంచు కొండల్లో ఎముకలు ఏరుకొని బ్రతికే జంటకు ఒక్క పిల్లను పెంచడమే గగనం. చాలా జంటలు ఏటా ఒక్క పిల్లనైనా ఎగిరించలేవు.

ఈ జవాబు సరైనదే. కాని ఆ పాపకు చాలదు. నాకూ చాలదు. యోబు 39వ అధ్యాయం చివరలో దేవుడు యోబుతో కొండకొమ్మున గూడు కట్టే పక్షిరాజును గురించి మాట్లాడుతూ దాని పిల్లలు రక్తం పీల్చుతాయని దాచకుండా చెబుతాడు. యోబు పదిమంది పిల్లలను పోగొట్టుకున్న తండ్రి. అతని ఎదుట కూడా దేవుడు సృష్టిని పూలతోటగా చిత్రించలేదు. రోమా 8లో పౌలు సృష్టి యావత్తు మూలుగుతున్నదని వ్రాశాడు. ప్రభువు పిచ్చుకల మాట చెప్పినప్పుడు అవి నేల పడవని అనలేదు. తండ్రికి తెలియకుండా పడవని అన్నాడు. ఆ సహోదరికి నేను చెప్పింది ఇంతే: పాపతో నిజమే చెప్పండి, ఆ పిల్ల చచ్చిపోతుందనీ, ఎందుకో మనకు పూర్తిగా తెలియదనీ, అది పడినప్పుడు చూసేవాడు ఒకడున్నాడనీ. తరువాత ఆల్ప్స్ పర్వతాల కథ చెప్పండి.

ఆల్ప్స్‌లో ఈ పక్షికి 'గొర్రెపిల్లల రాబందు' అని పేరు. గొర్రెపిల్లలను ఎత్తుకుపోతుందని, చంటిబిడ్డలను కూడా తన్నుకుపోతుందని జనం నమ్మారు. ఎముకలు తినే పక్షి మీద వేసిన నింద అది. దాని తలకు బహుమానం కట్టారు, కాల్చారు, విషం పెట్టారు. 1913లో ఇటలీలోని ఆవోస్తా లోయలో చివరిది కూడా తుపాకికి పడిపోయింది. ఆల్ప్స్ ఖాళీ అయింది.

1978లో కొందరు ప్రకృతి ప్రేమికులు, జంతుప్రదర్శనశాలలవారు కలిసి దానిని తిరిగి తేవాలని పూనుకున్నారు. ఎక్కడో మిగిలిన అడవి గూళ్ళను దోచి తెస్తే అక్కడ కొరత ఏర్పడుతుంది. జంతుశాలల్లో ఉన్న కొద్ది జంటలేమో ఏడాదికి ఒక్క పిల్లనే పెంచుతాయి. అప్పుడు వారి చూపు రెండో గుడ్డు మీద పడింది. ఎలాగూ చావవలసిన పిల్ల అది. దానిని సమయానికి తీసి ఇంక్యుబేటరులో పొదిగించి, పుట్టిన పిల్లను వేరే జంటకు అప్పగించారు. గుడ్డు మురిగిపోయి ఖాళీ గూటిలో కూర్చున్న జంట, పరాయి పిల్లను కూడా తనదిగా చేర్చుకొని మేపుతుంది. మనిషి చేతి మీద పెరిగితే మనిషినే తన జాతి అనుకుంటుంది గనుక, పక్షే పెంచాలి.

పిల్లకు దాదాపు 90 రోజులు నిండాక, ఇంకా ఎగరలేని స్థితిలోనే, దానిని కొండచరియలోని గుహలో పెడతారు. మనుషులు కనబడకుండా ఆహారం పడవేస్తారు. మరో నెలకు అదే రెక్కలు విప్పి ఎగురుతుంది, తాను ఎగిరిన చోటునే తన ఊరుగా గుర్తుపెట్టుకుంటుంది. ఇక్కడ నన్ను ఆపిన సంగతి ఒకటుంది. ఒక్కో గుహలో ఒక్క పిల్లను కాదు, రెండింటిని, కొన్నిసార్లు మూడింటిని కలిపి పెడతారు. మొదటి వారాల్లో పొడిచి చంపే ఆ గుణం అప్పటికి పోయి ఉంటుంది. గూటిలో ఒకదానినొకటి బ్రతకనివ్వని వయస్సు దాటితే, అదే పక్షులు ఒకే రాతి అరుగు మీద ప్రక్కప్రక్కన కూర్చుని ఉంటాయి.

1986లో ఆస్ట్రియాలోని రౌరిస్ లోయలో మొదటి పిల్లలను వదిలారు. తరువాత పదకొండేళ్ళు ఎదురుచూపే. ఏడెనిమిదేళ్ళకు గాని జత కట్టని పక్షి మరి. 1997లో ఫ్రాన్సులోని ఓత్ సవోయ్‌లో ఒక జంట అడవిలో గూడు కట్టి, పిల్లను పెంచి ఎగిరించింది. ఆల్ప్స్‌లో ఎనభై ఏళ్ళకు పైగా జరగనిది అది. నేడు ఆ పర్వతాలలో కొన్ని వందల పక్షులున్నాయి. వేటగాళ్ళ తూటాల సీసం చచ్చిన జంతువుల ద్వారా వీటి కడుపులోకి పోతున్నది, కరెంటు తీగలు రెక్కలకు తగులుతున్నాయి. పని ఇంకా మిగిలే ఉంది.

మన దేశంలో రాబందుల కథ వేరు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు చచ్చిన తరువాత దానిని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. లక్షల రాబందులు పోయాక, 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. తెలంగాణలో కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట చరియల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు కట్టుకున్నట్టు 2013లో తెలిసింది. అవి పెట్టేది ఏడాదికి ఒకే గుడ్డు. వాటికి రెండో గుడ్డు లేదు. మీలో పశువులున్నవారు డాక్టరు వ్రాసిన ఇంజెక్షను పేరు ఒకసారి చదివి చూసుకోండి. మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్ సీసాను పశువుకు వాడితే ఫలితం అదే.

దక్షిణాఫ్రికా డ్రేకెన్స్‌బర్గ్ కొండల్లో జూన్, జూలై నెలలు చలికాలం. అక్కడ ఈ పక్షి సంఖ్య బాగా తగ్గిపోయింది. ఆ చలిలో మనుషులు తాళ్ళు కట్టుకొని కొండచరియ దిగి, గడ్డం రాబందు గూటిలో రెండు గుడ్లుంటే ఒకటి అక్కడే వదిలి, రెండోదానిని వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టుకొని పైకి ఎక్కుతారు. తల్లి కాసేపటికి తిరిగి వచ్చి మిగిలిన గుడ్డు మీద కూర్చుంటుంది.